నిన్న ఏడింటికి నిద్రలేచాను

"నిన్న నేను ఏడింటికి నిద్రలేచాను" అని స్పానిష్‌లో చెప్పమన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏనాడూ ఆమె ఏడింటికి నిద్రలేచిన పాపాన పోలేదు. నైట్ డ్యూటీ వారమైతే ఏడింటికి ఇంకా ఆస్పత్రిలోనే తిరుగుతుంటుంది. పొద్దుటి డ్యూటీ అయితే ఏడింటికల్లా రికవరీ గదిలో మంచాలకు దుప్పట్లు పరిచేసి, మొదటి పేషెంటు కోసం ఎదురుచూస్తుంటుంది. సెలవు రోజున హాయిగా పడుకుందామంటే అత్తగారు ఊరుకుంటే కదా.

"అయేర్ మె దెస్పెర్తే ఆ లాస్ సియెతె." టీచరు డస్టరుతో బల్ల మీద తాళం వేస్తూ చెప్పింది. "అయేర్ అంటే నిన్న. మె దెస్పెర్తే అంటే నిద్రలేచాను. అయిపోయిన పని అది, తలుపు మూసేసినట్టు. ఆ లాస్ సియెతె, ఏడింటికి. ఏదీ, మీరు చెప్పండి."

"అయేర్ మె దెస్పెర్తే ఆ లాస్ క్వాత్రొ" అంది ఆమె. నిన్న నిజంగానే సాయంత్రం నాలుగింటికి లేచింది మరి.

"క్వాత్రొ కాదు, సియెతె. ఏడు."

"నేను నాలుగింటికే లేచానండీ."

"మీరు ఎన్నింటికి లేచారో పరీక్షలో ఎవరికి కావాలమ్మా? పుస్తకంలో గడియారం బొమ్మ ఉందా? అందులో ఏడయింది. బొమ్మ చూసి చెప్పండి."

పక్కన కూర్చున్న మందుల కౌంటరమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ అమ్మాయిదీ అదే ఆస్పత్రి. ఆమె బొమ్మ చూసి ఏడనే చెప్పింది. టీచరు ముఖం విప్పారిపోయింది. "ముయ్ బియెన్" అంది. అంటే చాలా బాగుంది అని. ఆ గదిలో ఎవరేం చెప్పినా, తప్పు లేకపోతే దొరికే బహుమానం ఆ మాటే. చేతి గడియారాల షాపు మీద ఇరుకు గది అది. కిటికీ తెరిస్తే ట్రాఫిక్ మోత, మూస్తే ఉక్క. డ్యూటీ దిగి, అవే కాళ్ళతో అక్కడికి వచ్చి కూర్చుని, ఎవరో ఎప్పుడో ఏడింటికి లేచారని వల్లె వేయడం ఆమెకు సరదా ఏం కాదు.

అయినా వేసింది. ఎందుకంటే ఊళ్ళో పెద్ద రేవు ఉంది, రేవులో ఓడలు ఆగుతాయి, ఓడల్లో స్పానిష్ మాట్లాడే మనుషులకు జబ్బులు చేస్తాయి. అలాంటి పేషెంట్ల కోసం ఆస్పత్రి వాళ్ళు కింద హాల్లో కొత్తగా ఒక డెస్కు పెడుతున్నారు. పగటి ఉద్యోగం. నైట్లు లేవు, ఆదివారం సెలవు. స్పానిష్ మొదటి పరీక్ష పాసైన వాళ్ళకే ఇస్తామన్నారు. మత్తు డాక్టరుగారు తనంతట తనే ఆమె పేరు రాసి పంపాడు. "అమ్మాయ్, నీకు ఓపికుంది. రాత్రుళ్ళు ఎన్నాళ్ళు చేస్తావు, వెళ్ళి నేర్చుకో" అన్నాడు. పరీక్ష గురువారం సాయంత్రం ఆరున్నరకు. అడిగేది ఒకటే: నిన్న నిద్రలేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి.

ఇంట్లో అత్తగారి గోల వేరు. కోడలు కూరగాయలు తరుగుతూ నోట్లో గొణుక్కుంటుంటే చెవి ఒగ్గి విని, "నిద్రలేవడం నేర్చుకోవడానికి బడికెళ్ళే కోడల్ని నేనే చూశాను" అంది.

"లేవడం కాదత్తయ్యా. లేచానని చెప్పడం."

"లేచినదానివి కళ్ళకు కనబడవూ? మళ్ళీ చెప్పడమెందుకూ?"

బస్సు డిపోలో మెకానిక్ అయిన మొగుడు గోళ్ళలో గ్రీజు గీక్కుంటూ నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. పొద్దుటి డ్యూటీ రోజుల్లో ఆ తల్లీకొడుకులిద్దరినీ నిద్రలేపేది తనే.

*

సోమవారం పొద్దున్న ఆపరేషన్ల లిస్టు చాంతాడంత ఉంది. రికవరీ గదిలో పని ఎప్పుడూ ఒక్కటే. థియేటర్ తలుపు తెరుచుకుంటుంది, చక్రాల మంచం వస్తుంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టాలి, వేలికి క్లిప్పు తగిలించాలి, దుప్పటి భుజాల దాకా లాగాలి, చెంప తట్టాలి. "ఆపరేషన్ అయిపోయిందండీ, కళ్ళు తెరవండి, గట్టిగా ఊపిరి తీసుకోండి." లేచినవాళ్ళు ముందు మంచినీళ్ళు అడుగుతారు. లేకపోతే నొప్పంటారు, పిల్లల్ని పిలుస్తారు. ఎవరైనా అయోమయంగా ఏదో చెప్పబోతే, "మత్తులో కలలొస్తాయిలెండి" అనాలి. దుప్పటి సర్దినంత అలవాటుగా వచ్చేస్తుంది ఆ మాట.

మత్తు డాక్టరుగారి పేషెంట్లు తొందరగా లేస్తారని ఆస్పత్రి అంతా పేరు. దానికో లెక్క ఉంది. సర్జన్‌గారికి, చివరి వరస కుట్లు మొదలుపెట్టగానే, తలెత్తకుండా "టీ చెప్పండమ్మా" అనడం అలవాటు. అది వినగానే మత్తు డాక్టరుగారి చేయి తన యంత్రం మీది మీట మీదకు వెళుతుంది. గ్యాసు కట్టేస్తాడు. ఇటు కట్టు అంటించేసరికి అటు పేషెంటు కళ్ళు తెరుస్తాడు. మంచం ఖాళీ, తర్వాతి పేషెంటు లోపలికి. టీ మాత్రం డాక్టర్ల గదికి వెళుతుంది. పక్కనే ఉన్న రికవరీకి ఒక్క కప్పు ఇంతవరకూ వచ్చింది లేదు. అదో మంట ఆమెకు.

ఆ రోజు చివరి మంచంలో ఒక ఓడ వంటాయన వచ్చాడు. అపెండిక్స్ పగిలి, ఓడ ఏజెంటు హడావిడిగా తెచ్చి పడేసిన మనిషి. ఆరడుగుల పైన ఉన్నాడు. మోచేతుల దాకా నూనె చుక్కలు పడి కాలిన మచ్చలు. కళ్ళు మూసుకునే ఉన్నా, రెండు పక్కల నుంచీ నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. ఆమె దూదితో తుడిచింది. చెంప తట్టింది. కళ్ళు తెరిచాడు. మాస్కు పక్కకు నెట్టి, బొంగురు గొంతుతో అన్నాడు.

"మె దెస్పెర్తే."

ఆమె గుండె గంతులేసింది. అర్థమైంది. ఇన్నాళ్ళ చదువులో మొదటిసారి నిజం మనిషి నోట్లోంచి వచ్చిన స్పానిష్ మాట అర్థమైంది. పుస్తకంలో మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. నిద్రలేచాను అంటున్నాడు.

"ముయ్ బియెన్" అంది, అచ్చం టీచరులాగే ముఖం ఇంత చేసుకుని.

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నో. మె దెస్పెర్తే. మె దెస్పెర్తే" అన్నాడు.

"ముయ్ బియెన్, ముయ్ బియెన్." పక్క మంచం దగ్గరున్న ఇంకో సిస్టరుకు వినబడేలా ఇంకాస్త గట్టిగా అంది. "చూశారా, లేచానంటున్నాడు."

అతని పట్టు సడలింది. ఆమె ముఖంలోకి కాసేపు అలా చూశాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. వార్డుకు పంపేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

*

మంగళవారం డ్యూటీ దిగాక ఆమె వార్డుకు వెళ్ళింది. ఏ సేవకో వెళ్ళలేదు. పరీక్షకు ముందు నోరు తిరుగుతుందని, నాలుగు మాటలు మాట్లాడించి రావాలని వెళ్ళింది.

"మీ స్పానిష్ ఆయనతో చస్తున్నామమ్మా" అంది వార్డు సిస్టరు. "పడుకోడు. రాత్రంతా కూర్చునే ఉన్నాడు. రెప్పలు వాలిపోతుంటే చెంపలు వాయించుకుంటున్నాడు. నిద్రమాత్ర ఇవ్వబోతే కప్పు విసిరికొట్టాడు."

"ఏమంటాడు?"

"ఏమంటాడో ఎవరికి తెలుసు. పొద్దున రౌండ్సులో సర్జన్‌గారు ఫోనులో అనువాదం చేసేది పెట్టి మాట్లాడించారు. ఆ ఫోను తెలుగులో, 'నేను మేల్కొన్నాను' అంది. అందరం నవ్వాం. లేవకపోతే ఇక్కడెందుకుంటావయ్యా, లేపడమేగా మా పని, అన్నారు సర్జన్‌గారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. మూడోసారి నోరు విప్పలేదు."

వంటాయన దిండు వీపుకు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆమె దగ్గరికి వెళ్ళి "ఓలా" అని పలకరించింది. అతను ఆమెను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ముఖం కిటికీవైపు తిప్పేసుకున్నాడు.

అలా తిప్పుకోవడం ఆమెకు చురుక్కున తగిలింది. మెట్లు దిగుతూ అదే ఆలోచన. రికవరీలో ఇన్నేళ్ళలో ఎంతమంది లేచారు. లేచిన వాళ్ళెవరైనా, లేచాను అని చెప్పారా? నీళ్ళు అడిగారు, తిట్టారు, ఏడ్చారు. లేచానని ఎవరు చెబుతారు, ఎదురుగా కళ్ళకు కనబడుతుంటే? అత్తగారన్నది అదే కదా.

చెప్పాడంటే, ఎవరికీ కనబడనప్పుడు లేచాడన్నమాట.

మెట్ల మధ్యలో ఆగిపోయింది. వెనక వస్తున్న మనిషి గుద్దుకోబోయి తప్పుకుని, "చూసుకోవాలమ్మా" అని గొణుక్కుంటూ దిగిపోయాడు. అలాంటిది జరుగుతుందని నర్సింగ్ చదువులో ఎక్కడో చదివింది. కండరాలు కదలకుండా చేసే మందు పనిచేస్తూనే ఉంటుంది, మత్తు మాత్రం తేలిపోతుంది. మనిషి బల్ల మీద బొమ్మలా పడి ఉంటాడు, లోపల అన్నీ తెలుస్తుంటాయి. చదివింది, పరీక్షలో రాసింది, మర్చిపోయింది. నిజంగా అదే అయితే, అది చెప్పుకోబోయిన మనిషికి తను ఇచ్చిన జవాబు ముయ్ బియెన్. చాలా బాగుంది.

*

సాయంత్రం క్లాసులో టీచరు పళ్ళు తోముకోవడం దగ్గరికి వచ్చింది. అద్దం బొమ్మ, బ్రష్షు బొమ్మ. ఆమె చేయెత్తింది.

"ఒక మాట అడగాలండీ. 'మీకు ఎప్పుడు మెలకువ వచ్చింది, అప్పుడు అక్కడ ఏం జరుగుతోంది' అని అడగాలంటే ఎలా?"

"మొదటిది చేసేశాం కదా. ఎన్నింటికి లేచారు అనేది."

"ఎన్నింటికి అని కాదు. ఆ సమయంలో పక్కన వాళ్ళేం చేస్తున్నారు అని."

"చేస్తున్నారు అనేది వేరే రూపం. జరుగుతూ ఉన్నవాటికి వేరే క్రియలుంటాయి. అది రెండో పుస్తకంలో వస్తుంది. మనం ఇప్పుడు జరిగిపోయిన వాటి దగ్గరే ఉన్నాం."

"ఆ ఒక్క వాక్యం చెప్పండి చాలు. ఆస్పత్రిలో అవసరం పడింది."

"ఒక్క వాక్యం అలా చెబితే రెండూ కలగలిపేసుకుంటారు, గురువారం నా పరువు తీస్తారు. రెండో లెవెల్లో చేరండి, చెబుతాను. ఏదీ, బ్రష్షు."

ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వాళ్ళ పుస్తకంలో మనిషి లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, కాఫీ తాగుతాడు, ఆఫీసుకు పోతాడు. ఒక పని అయిపోయాక ఇంకొకటి, ఇంకొకటి. ఒక పని జరుగుతుండగా మధ్యలో మెలకువ వచ్చినవాడికి అందులో చోటే లేదు. మందుల కౌంటరమ్మాయి మాత్రం బ్రష్షు దగ్గర ముయ్ బియెన్ కొట్టేసింది.

*

బుధవారం పొద్దున డ్యూటీకి ముందే వార్డుకు వెళ్ళి, కుర్చీ లాక్కుని వంటాయన మంచం పక్కన కూర్చుంది. ఉన్న ముక్కలతోనే మొదలుపెట్టింది.

"ఆ కె ఓరా తె దెస్పెర్తాస్తె?" నువ్వు ఎన్నింటికి నిద్రలేచావు?

ఎగతాళి చేస్తోందనుకున్నాడు కాబోలు, అతని దవడ బిగుసుకుంది. ఆమె తల అడ్డంగా ఊపి, లేచి నిలబడి, థియేటర్ ఉన్న వైపు చేయి చూపించింది. అక్కడ, అంది సైగతో. తర్వాత కళ్ళు మూసుకుని, ఠక్కున తెరిచి, అతని కేసి చూసింది. "క్వాందో?" ఎప్పుడు?

అతను నెమ్మదిగా దిండు తీసి పక్కన పెట్టి, వెల్లకిలా పడుకున్నాడు. రెండు రాత్రులుగా పడుకోనని మొండికేసిన మనిషి. రెండు వేళ్ళతో రెప్పలు మూసి, వాటి మీద అడ్డంగా గీత గీశాడు. ఆపరేషన్‌లో కళ్ళకు అంటించే టేపు అది. చేతులు రెండూ పక్కలకు చాపి, బిగించి, కదలడం లేదని చూపించాడు. తర్వాత చూపుడువేలూ బొటనవేలూ కలిపి, కడుపు మీది దుప్పటిని చిటికెడు పట్టి లాగాడు. వదిలాడు. ఇంకాస్త పక్కన పట్టి లాగాడు. వదిలాడు. సూది వెంట దారం లాగినట్టు.

అతని చేతులు చూపించినదాన్ని నమ్మడానికి ఆమెకు మనసొప్పలేదు. కుట్లు కడుపు మీద ఉన్నాయి, తర్వాతైనా చూసుకుని ఉండొచ్చు. కల వచ్చి ఉండొచ్చు. ఆ మాట ఎంత అలవాటుగా వచ్చేసిందో చూసి ఆమెకే విసుగేసింది.

"ఓరా నో సె" అన్నాడు అతను, కళ్ళు మూసుకునే. ఎన్నింటికో తెలియదు. అక్కడ గడియారం కనబడదు కదా. చెవి మీద వేలు పెట్టుకున్నాడు. విన్నానని. ఆ తర్వాత, నాలుక తిరక్కపోయినా, ఎంతసేపు నెమరేసుకున్నాడో తెలిసేంత శ్రద్ధగా, ముక్క ముక్కగా పలికాడు.

"తీ. చెపందమా."

సర్జన్‌గారి యాస కూడా ఉంది అందులో, ఆ చివర సాగదీయడం. టీ చెప్పండమ్మా.

*

పెద్ద సిస్టరుకు చెబితే, ఆవిడ ముందు తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"ఇక్కడితో ఆపు. ఆ డెస్కుకు నీ పేరు పంపింది ఎవరనుకున్నావు? ఆయన మీదే చెబుతావా? నీ చదువేమో నిద్రలేచాను, పళ్ళు తోముకున్నాను. అర్థం చేసుకోవడంలో నీదే పొరపాటైతే?"

"పొరపాటైతే కాదని తేలుతుంది. అడగడానికేం?"

"అడిగేవాళ్ళు అడుగుతారు. నీకెందుకమ్మా ఈ తలనొప్పి."

ఆమె బయటికి వచ్చింది. రోజంతా చెంపలు తడుతూనే ఉంది, లేవండి లేవండి అంటూనే ఉంది. మధ్యాహ్నం ఒక ముసలావిడ కళ్ళు తెరిచి, "ఎవరో మాట్లాడుకున్నారమ్మా" అంది. కలలెండి అనబోయి ఆగి, "ఎప్పుడండీ?" అని అడిగింది. "ఇప్పుడే, నువ్వూ ఆ అమ్మాయీ" అంది ముసలావిడ. అంతే. అడగడానికి ఎంతసేపు పట్టింది?

గురువారం పొద్దున వంటాయనకు జ్వరం వచ్చింది. కుట్ల దగ్గర చీము పట్టింది, మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళి తెరిచి శుభ్రం చేయాలన్నారు సర్జన్‌గారు. మత్తు మాట సైగతో చెప్పేసరికి వంటాయన మంచం కమ్మీ పట్టుకుని, ఎంతమంది లాగినా వదల్లేదు. ఓడ ఏజెంటు తల పట్టుకుని కూర్చున్నాడు. మత్తు డాక్టరుగారు రికవరీకి కబురు పంపాడు, ఆ స్పానిష్ వచ్చిన అమ్మాయిని రమ్మని.

ఆమె వెళ్ళేసరికి ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు. మంచి మనిషే ఆయన. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"రా అమ్మాయ్. నువ్వే గట్టెక్కించాలి. చీము రక్తంలోకి పాకితే మనిషి దక్కడు. పోయినసారి ఏదో అయిందని భయపడుతున్నాడు. అది కల అని చెప్పు. మత్తులో అందరికీ వస్తాయని చెప్పు. ఈ మాటలు వచ్చు కదా నీకు?"

వచ్చు. సొన్యాస్తె. కలగన్నావు. మొన్నటి పాఠంలోనే వచ్చింది, మబ్బు మీద గొర్రెపిల్ల బొమ్మ పక్కన. ఒక్క మాట. ఆ మాట అంటే డాక్టరుగారు సంతోషిస్తారు, సాయంత్రం పరీక్ష, వచ్చే నెల నుంచి పగటి ఉద్యోగం. ఇక్కడ ఇంకెవరికీ ఈ భాష రాదు. ఆమె ఏం చెప్పిందో ఆమెకూ అతనికీ తప్ప తెలియదు.

వంటాయన ఆమె నోటికేసే చూస్తున్నాడు. జ్వరంతో పెదాలు పగిలి ఉన్నాయి.

"నో సొన్యాస్తె" అంది ఆమె. "తె దెస్పెర్తాస్తె."

కమ్మీ మీద అతని వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. ముఖం చేతుల్లో దాచుకుని, అంత పెద్ద మనిషి, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు.

"చూశావా, నమ్మాడు" అన్నాడు మత్తు డాక్టరు.

అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన ముఖంలో ఆ తేలిక చూసి, ఊరుకుంటే బాగుండునని ఆమెకు నిజంగానే అనిపించింది.

"సార్, నేను కల అని చెప్పలేదు. నువ్వు కలగనలేదు, నీకు మెలకువ వచ్చింది అని చెప్పాను."

ఏజెంటు తలెత్తి చూశాడు. డాక్టరు ముఖం మారింది. "ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"కుట్లు వేస్తుండగా లేచాడు సార్. సర్జన్‌గారి మాట విన్నాడు. టీ చెప్పండమ్మా అన్నది, అతని నోటితోనే నాకు చెప్పాడు."

"ఆ మాట రికవరీలో విని ఉంటాడు."

"రికవరీకి టీ రాదు సార్."

వంటాయన, టీ అన్న మాట పట్టుకుని కాబోలు, చేతులు దించి డాక్టరు కేసి తిరిగాడు. కోపంగా కూడా కాదు, అప్పజెప్పినట్టు అన్నాడు. "తీ. చెపందమా." అని, దుప్పటిని చిటికెడు పట్టి లాగి వదిలాడు.

మత్తు డాక్టరు కుడిచేయి తనకు తెలియకుండానే కొంచెం లేచింది, మీట వైపు వెళ్ళే చేయి. దాన్ని కోటు జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నొప్పి తెలిసిందా అని అడుగు."

"దొలోర్?" అని అడిగింది.

వంటాయన తలూపాడు. డాక్టరు ఆ తలూపడాన్ని చూసి కళ్ళు దించుకున్నాడు.

"ఈసారి ఆఖరి కుట్టు దాకా, కట్టు అంటించేదాకా నేను మీట ముట్టుకోనని చెప్పు. ఎలా చెబుతావో నాకు తెలియదు, చెప్పు."

ముట్టుకోను అనే మాట ఆమెకు రాదు. రేపటివి అసలే రావు, అవి మూడో పుస్తకంలో ఉంటాయేమో. డాక్టరుగారి చేయి జేబులోంచి తీయించి, ఆయన రెండు చేతులూ ఒకదానిలో ఒకటి కట్టించి, దుప్పటిని చిటికెలు పట్టి లాగుతూ చివరి దాకా వెళ్ళి, అరచేత్తో కట్టు అంటించినట్టు అద్ది, అప్పుడు ఆ చేతులు విడదీసింది. పేరున్న డాక్టరు, మాట్లాడకుండా చేతులు కట్టించుకుని విడదీయించుకున్నాడు. వంటాయన చూశాడు. ఆలోచించాడు. ఆమె వైపు వేలు చూపించి, ఆ వేలును థియేటర్ వైపు తిప్పాడు. నువ్వూ రావాలి.

"లిస్టు చివర సాయంత్రం ఆరింటికి పెడుతున్నాం" అన్నాడు డాక్టరు. "నీ పరీక్ష ఇవాళే కదా?"

"ఆరున్నరకు."

"పరీక్ష మళ్ళీ పెడతారా?"

"పెడతారు. డెస్కు అప్పటిదాకా ఆగదు."

ఆమెకు అందరి మీదా కోపం వచ్చింది. చేసింది ఒకరు, పడింది ఇంకొకరు, మధ్యలో తన ఆదివారాలు పోయాయి. ఇంతా చేసి ఎవరినీ తిట్టడానికి లేదు. మందుల కౌంటరమ్మాయికి ఫోను చేసి, టీచరుకు రావడం లేదని చెప్పమంది. "అయ్యో, అక్కా" అంది ఆ అమ్మాయి. గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది పాపం.

*

థియేటర్‌లో ఆమె తల దగ్గర నిలబడింది. మత్తు ఎక్కేదాకా వంటాయన ఆమె చేయి వదల్లేదు. ఆ తర్వాత ఆమే వదల్లేదు. చీము కడిగారు, గొట్టం పెట్టారు, కుట్లు మొదలయ్యాయి. చివరి వరసకు వచ్చేసరికి సర్జన్‌గారు తలెత్తకుండా, "టీ చె..." అని ఆగిపోయారు. సూది గాల్లో నిలిచింది. ఎవరూ ఎవరి కేసీ చూడలేదు. మత్తు డాక్టరు రెండు చేతులూ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. కుట్లు పూర్తయ్యాయి. కట్టు అంటింది. అప్పుడు ఆయన చేయి మీట మీదకు వెళ్ళింది.

ఈసారి లేవడానికి చాలాసేపు పట్టింది. మామూలుగా అయితే మంచం ఇంకా ఖాళీ కాలేదేమని ఈపాటికి రెండుసార్లు కేక వచ్చేది. ఇవాళ రాలేదు. రికవరీలో ఆమె మాస్కు పెట్టింది, క్లిప్పు తగిలించింది, దుప్పటి భుజాల దాకా లాగింది. చెంప మాత్రం తట్టలేదు. లేచినప్పుడే లేస్తాడులే అనుకుంది. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న కాళ్ళు లాగేస్తున్నాయి. గడియారాల షాపు మీది గదిలో ఈసరికి మందుల కౌంటరమ్మాయి కాఫీ దాకా వచ్చి ఉంటుంది.

వంటాయన రెప్పలు కదిలాయి. తెరుచుకున్నాయి. ఈసారి చెవుల్లోకి నీళ్ళు కారలేదు.

"మె దెస్పెర్తే" అన్నాడు.

ముయ్ బియెన్ అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసుకుంది. వంగి, అతని కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"క్వాందో?"

అతను నెమ్మదిగా చూపు తిప్పాడు. పైన ట్యూబులైటు, మాస్కు, దుప్పటి, ఆమె ముఖం. చేయి ఎత్తలేక, ఒక్క వేలితో పరుపు మీద తట్టాడు. "అకీ." ఇక్కడ. ఆ తర్వాత కళ్ళతోనే గది అంతా దేనికోసమో వెతికాడు. ఆమెకు అర్థమైంది. మంచం చక్రానికున్న బ్రేకు తీసి, తలవైపు కొంచెం పక్కకు తిప్పింది, ఎదురు గోడ మీది గడియారం కనబడేలా.

అతను దాని కేసి చూశాడు. చిన్న ముల్లు, పెద్ద ముల్లు. పెదాలు కదిపి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"మె దెస్పెర్తే ఆ లాస్ సియెతె."

"ముయ్ బియెన్" అంది ఆమె.